లాంచీ కింద రాజధాని

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కినవాళ్లు ముందుగా వెతుక్కునేది అంచు పక్క సీటు. అది దొరికాక ఫోను బయటికి వస్తుంది. వెనక్కి జరిగిపోతున్న నాగార్జునసాగర్ ఆనకట్టకు ఒక ఫోటో, ఎదురొస్తున్న నల్లమల కొండలకు ఒక ఫోటో, గాలికి జుట్టు ఎగురుతుండగా ఇంటిల్లిపాదికీ కలిపి ఇంకొకటి. ముప్పావు గంటో గంటో గడిచేసరికి నాగార్జునకొండ వస్తుంది. దిగి మ్యూజియం చూసి, తిరుగు లాంచీ కూత పెట్టేలోగా చెట్ల కింద పులిహోర పొట్లాలు విప్పి, మళ్లీ ఎక్కుతారు. ఇందులో తప్పేమీ లేదు. నేనూ అలాగే వెళ్లి వచ్చాను, ఒకటికి మూడుసార్లు.

మూడోసారి మా ముందు వరుసలో ఒక పెద్దాయన మనవడిని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. సగం దారిలో నీళ్లలోకి వేలు చూపించి, "మా ఊరు ఇక్కడే ఎక్కడో ఉండేదిరా" అన్నాడు. పిల్లవాడు వంగి చూశాడు. "ఇళ్లు కనిపిస్తాయా తాతా?" అని అడిగాడు. "ఇళ్లెక్కడివి! ఖాళీ చేసేటప్పుడు దూలాలు, తలుపులు, ద్వారబంధాలతో సహా పీకి బండ్ల మీద వేసుకొచ్చేశాం. గోడలు మాత్రం వదిలేశాం. అప్పటికి నేను నీ అంతవాణ్ణి."

నాగార్జునకొండ గురించి అంతకుముందు నేను చాలానే చదివాను. ఆ చదివినదాంట్లో ఎక్కడా ద్వారబంధాల సంగతి లేదు.

మన దేశంలో రక్షిత స్థలానికి గుర్తు నీలం బోర్డు. ఇది జాతీయ ప్రాధాన్యం గల కట్టడమనీ, పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అనీ దాని సారాంశం. అడవి అయితే బోర్డు ఆకుపచ్చ రంగులోకి మారుతుంది, పులి బొమ్మ వస్తుంది. శిక్ష ఎంతో చెప్పే ఆ బోర్డు అసలు విషయం చెప్పదు. దీన్ని దేని నుంచి కాపాడారు? దీన్ని కాపాడటానికి దేన్ని వదిలేశారు? ఎవరు లెక్కవేశారు, ఎవరు మూటాముల్లె సర్దుకున్నారు? కాపాడటమంటే ఎంచుకోవడమే కాబట్టి, వదిలేసినదాన్ని దాచి ఎంచుకున్నదాన్ని మాత్రమే చూపితే సందర్శకుడికి దొరికేది సగం కథ. ఈ మాటకు నాగార్జునకొండ కన్నా పెద్ద సాక్ష్యం మన నేల మీద ఇంకొకటి లేదు.

మూడు వైపుల నల్లమల, నాలుగో వైపు కృష్ణ. ఆ లోయలో విజయపురి ఉండేది. శాతవాహనుల తర్వాత, క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని అది. రాజులు అశ్వమేధాలు చేశారు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి దానాలు చేశారు. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, చేసిన సేవ శాసనాల్లో చెక్కి ఉంది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవన, దమిళ, తామ్రపర్ణి అంటూ దేశాల పేర్లు వరసగా వస్తాయి. సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. ఒక మూల మాట్లాడితే మరో మూలకు వినిపించే రంగస్థలం, చుట్టూ మెట్ల వరుసలు, నది ఒడ్డున రాతి స్నానఘట్టం. పదహారు వందల ఏళ్ల పాటు ఇదంతా మట్టికింద ఉంది.

బయటపడింది ఒక బడిపంతులు కంట. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి కబురు పంపాడు. శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి అనే ఆయన వచ్చి చూశాడు. మరుసటి ఏడాది నుంచి పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వాడు. పంతులుగారు ఆ స్తంభాన్ని బట్టలు ఉతికే బండగానో గొడ్లను కట్టే గుంజగానో చూసి ఊరుకుని ఉంటే? మన ఊళ్లలో ఎన్ని శాసనాలకు ఆ గతి పట్టిందో తెలిసినవాళ్లకు ఇది ఊరికే వేసిన ప్రశ్న కాదని తెలుసు.

ఆ తర్వాత ఆనకట్ట వచ్చింది. లోయ మునుగుతుందని తేలాక 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు మళ్లీ మొదలయ్యాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక ఒక పక్క కూలీలు రాయి మోస్తున్నారు, ఇంకో పక్క కూలీలు మట్టి తీస్తున్నారు. ఒకే నది ఒడ్డున, ప్రభుత్వపు జీతం మీదే, ఒక జట్టు లోయను ముంచడానికి, రెండో జట్టు ముంచేలోగా తవ్వి తీయడానికి. 1960 దాకా, ఆరేళ్లపాటు, వందకు పైగా చోట్ల తవ్వారు. పాతరాతి యుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట గోడల దాకా దొరికాయి. ఇంత విస్తారమైన లోయనంతా ఒక గడువు పెట్టుకుని తవ్వడం మన దేశంలో అంతకుముందు లేదు.

గడువు ముగిశాక ఎంపిక మొదలైంది. తొమ్మిది కట్టడాలను విప్పి, తెచ్చి, తిరిగి కట్టారు. మరో పద్నాలుగింటికి పెద్ద నమూనాలు చేశారు. కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని ఒడ్డున అనుపు దగ్గర పెట్టారు. శిల్పాలు కొండ మీది మ్యూజియంలోకి చేరాయి. 1966లో మ్యూజియం తెరిచారు, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. కొండ దీవి అయింది.

ఇదే కాలంలో ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కింద అబూ సింబెల్ మునగబోతోందని యునెస్కో ప్రపంచానికి పిలుపునిచ్చింది. ఆ పిలుపు 1960 నాటిది, అప్పటికి మన తవ్వకం పూర్తి కావస్తోంది. 1964 నుంచి 1968 వరకు ఆ ఆలయాలను ముక్కలుగా కోసి సుమారు 65 మీటర్ల ఎత్తుకు చేర్చిన సంగతి మన పాఠ్యపుస్తకాల పిల్లలకు కూడా తెలుసు. అంతర్జాతీయ పిలుపు గానీ ఒక్క పైసా చందా గానీ లేకుండా మనవాళ్లు చేసిన పని మాత్రం పక్క జిల్లా పిల్లలకు తెలియదు. అబూ సింబెల్‌కు వెళ్లేవాడు ఆలయాన్ని చూడటంతో ఆగడు, దాన్ని జరిపిన తీరును కూడా చూస్తాడు. అక్కడ తరలింపే సగం ఆకర్షణ. మనం తరలింపును ఒక ఫుట్‌నోటు చేసుకున్నాం. పైగా తవ్వకాల నివేదిక తొలి సంపుటం 1975లో వస్తే, ఇక్ష్వాకుల కాలం గురించిన రెండో సంపుటం 2006లో వచ్చింది. అంటే గునపం పక్కన పెట్టిన నలభై ఆరేళ్లకు. అదీ ఇంగ్లిషులో.

దీనివల్ల సందర్శకుడికి ఏమి నష్టం? ఉదాహరణకు, మహాచైత్యం ముందు నిలబడినవాడు సహజంగా అనుకునేది 'బుద్ధుడి కాలం నుంచి ఇది ఇక్కడే ఉంది' అని. అది అక్కడ లేదు. కింద ఉండేది, పైకి వచ్చింది. స్నానఘట్టం మెట్లు చూసి 'కొండ మీద స్నానఘట్టం ఏమిటి?' అని ఎవరికైనా అనుమానం రావాలి. నది ఒడ్డున ఉండాల్సిన ఘట్టం కొండెక్కింది. నది కూడా దాని వెనకే పైకి వచ్చింది, అది వేరే సంగతి. ఏ ఇటుక పాతది, ఏది కొత్తగా పేర్చింది, ఏది కేవలం నమూనా అన్నది తెలిస్తే ఆ కట్టడం విలువ తగ్గదు. ఒక రాయి మీద రెండు చేతుల గుర్తులున్నాయని, ఒకటి మూడో శతాబ్దపు శిల్పిదీ, రెండోది 1950ల నాటి తాపీ మేస్త్రీదీ అని తెలిసినప్పుడు నాకైతే గౌరవం పెరిగింది.

ఇప్పుడు సాగర్ అవతలి ఒడ్డున, తెలంగాణ వైపు, 274 ఎకరాల్లో బుద్ధవనం ఉంది. 2022లో తెరిచారు. అందులో అమరావతి స్తూపానికి నమూనా ఉంది. అమరావతి అసలు స్తూపం ఎలా చెదిరిందో తెలుసు కదా. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ చూసేసరికే పలకలు పీకేస్తున్నారు, మిగిలినవాటిలో మేలైనవి మద్రాసుకూ లండనుకూ పోయాయి. ఒక ఒడ్డున ఊడి వచ్చినవాటి దీవి, ఇంకో ఒడ్డున పోయినదాని నమూనా, నడుమ లోయను మింగిన నీళ్లు. ఇంత విచిత్రమైన యాత్రాస్థలాన్ని మనం 'వీకెండ్ విహారం' అని అమ్ముకుంటున్నాం.

ఆనకట్ట కట్టకుండా ఉండాల్సిందని నేను అనడం లేదు. సాగర్ ఆయకట్టు బియ్యం తిని పెరిగినవాణ్ణి, ఆ మాట నా నోట రాకూడదు. 590 అడుగులు నిండిందని పత్రికలో చదివితే ఇప్పటికీ ఇంట్లో పండగలా ఉంటుంది. ఆ 590 అడుగుల్లో ఏముందో కూడా తెలిసి పండగ చేసుకుందామంటున్నాను, అంతే.

మునిగినవి ఇవొక్కటే కావు. దేశంలో కేంద్ర రక్షణలో ఉన్న 3,693 కట్టడాల్లో 50 కనిపించకుండా పోయాయని 2022లో కేంద్ర సాంస్కృతిక శాఖ పార్లమెంటరీ సంఘానికి చెప్పింది. వాటిలో 14 పట్టణాలు పెరిగి మింగేసినవి, 12 జలాశయాల్లో కలిసిపోయినవి, 24 అసలు ఎక్కడున్నాయో తెలియనివి. అప్పటికి జాబితాలో పేరుంది, చట్టం రక్షణ ఉంది, వస్తువు లేదు. అదే సంఘం ముందుకు వచ్చిన ఇంకో లెక్క దీనికి కారణం చెబుతుంది. కాపలాకు ఏడు వేల మంది కావాలి. అప్పటికి ఉన్నది 2,578 మంది, అదీ 248 చోట్ల. అంటే నీలం బోర్డున్న ప్రతి పదిహేను చోట్లలో పద్నాలుగింటికి ఆ బోర్డే కాపలాదారు.

అడవుల దగ్గరికి వస్తే కాపలా ఉంది, గేట్లున్నాయి, రాత్రిపూట శ్రీశైలం ఘాట్ రోడ్డు మూసివేత ఉంది. లోపం వేరే చోట ఉంది. నాగార్జునకొండ చుట్టూ ఉన్న అడవి దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ వాటాకు వచ్చినదే మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. తెలంగాణ వైపుది అమ్రాబాద్ అభయారణ్యం అయింది. ఆ పెద్ద అడవి పేరు చూడండి, 'నాగార్జునసాగర్ శ్రీశైలం'. పులి పేరు లేదు, చెంచు పేరు లేదు, చివరికి నల్లమల పేరు కూడా లేదు. రెండు జలాశయాల పేర్లు పెట్టుకున్న అడవి అది.

2012లో సుప్రీంకోర్టు పులుల అడవుల్లోని కీలక ప్రాంతాల్లో పర్యాటకాన్ని కొన్నాళ్లు ఆపింది. ఆ తర్వాత వచ్చిన మార్గదర్శకాల ప్రకారం కీలక ప్రాంతంలో ఇరవై శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదు. జంతువుకూ జీపుకూ మధ్య కనీసం ఇరవై మీటర్లు, జంతువును చూసేటప్పుడు జీపుకూ జీపుకూ మధ్య యాభై మీటర్లు. మంచి నియమాలే. సందర్శకుడికీ చెంచుకూ మధ్య ఎంత దూరం ఉండాలో మాత్రం ఎవరూ రాయలేదు, అది దానంతట అదే ఏర్పడింది. సఫారీ జీపులో మన్ననూరు నుంచి ఫర్హాబాద్ వైపు వెళ్లేవాడికి నిజాం నవాబు వేట విడిది గురించి తెలుస్తుంది, లోయ అంచు నుంచి దృశ్యం కనిపిస్తుంది. ఆ దారి పక్కనే చెంచు పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఉన్నాయని, తేనె ఎప్పుడు తీయాలో, ఏ గడ్డ ఎన్ని అడుగుల లోతున ఉంటుందో తెలిసినవాళ్లు అందులో ఉన్నారని, పులి అడుగుజాడను అటవీ సిబ్బంది కన్నా ముందు చదివేది చాలాసార్లు వాళ్లేనని తెలియదు. కీలక ప్రాంతం నుంచి వాళ్లను బయటికి రమ్మనే మాట ఏళ్లుగా నలుగుతూనే ఉందని అసలే తెలియదు. మనిషిని దాచి అడవిని చూపిస్తే, అక్కడ ఎప్పుడూ మనుషులే లేరన్న భ్రమ పుడుతుంది. ఆ భ్రమ ఉన్నవాడికి రేపు ఒక పెంటను ఖాళీ చేయించారన్న వార్త వార్తగా కనిపించదు.

దీనికి విరుగుడు కూడా అదే అడవిలో ఉంది. చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర చూసినవాళ్లకు తెలుసు. రాళ్ల దారిన, లోయలోకి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగుతారు. దిగేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా", ఎక్కేటప్పుడు "పోతున్నాం లింగమయ్యా". పైనుంచి జలపాతం, కింద గుహలో లింగం, పూజారి చెంచు. ఆ మూడు రోజులు అక్కడ ఇంటివాడు చెంచు, వచ్చినవాళ్లందరూ చుట్టాలు. ఎంత గొప్ప వ్యాపారైనా, ఎంత పెద్ద అధికారైనా ఆయన చేతి తీర్థం కోసం వరసలో నిలబడాల్సిందే. ప్లాస్టిక్ సీసాల బాధ అక్కడా ఉంది, తొక్కిసలాట భయమూ ఉంది, అందుకే అటవీ శాఖ జాతరను మూడు రోజులకు కట్టడి చేసింది. ఆ కట్టడితో నాకు పేచీ లేదు. కానీ ఆ మూడు రోజుల సంబంధాన్ని మిగిలిన రోజుల సఫారీకి కొంచెమైనా పంచలేమా? డ్రైవరు పక్క సీటులో ఒక చెంచు మనిషి కూర్చుని తన అడవిని తానే చూపిస్తే, అది జీతమిచ్చే ఉద్యోగం అయితే, ఆ జీపులో కూర్చున్నవాడు పులి కనబడకపోయినా వట్టి చేతులతో తిరిగి రాడు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు తవ్వి ప్రయోజనమేమిటని అడిగేవాళ్లకు గోదావరి చూపిస్తాను. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. రాజమండ్రి వైపు నుంచి పడవ ఎక్కి గండి పోచమ్మకు దణ్ణం పెట్టుకుని, కొండల నడుమ నది ఇరుకైనచోట ఊపిరి బిగబట్టి చూసి వస్తాం. ఆ పడవ దారి పోలవరం జలాశయం దారి. కాఫర్ డ్యాం, అంటే అసలు ఆనకట్ట కట్టేలోగా నీటిని ఆపే తాత్కాలిక గట్టు, కట్టాక వరదలకు దేవీపట్నం వైపు ఊళ్లు మునిగి ఖాళీ అవుతూ వచ్చాయి. నీటిమట్టం 41.15 మీటర్ల దగ్గర ఆగుతుందా, 45.72 దాకా వెళుతుందా అన్నది రాజకీయ నాయకులకు వాదన, కొండరెడ్లకూ కోయలకూ ఇల్లు ఉంటుందా పోతుందా అన్న లెక్క. వేలేరుపాడు మండలం రుద్రమకోట దగ్గర బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. అవీ ముంపు లెక్కలోనివే.

అంటే మనం ఇప్పుడు 1954లో ఉన్నాం. అప్పటికి లేని వసతులన్నీ చేతిలో ఉన్నాయి. డ్రోను ఉంది, ప్రతి ఇంటినీ ప్రతి గుడినీ మూడు కొలతల్లో బంధించే కెమెరాలున్నాయి, గొంతులు రికార్డు చేసే ఫోను ప్రతి జేబులోనూ ఉంది. నాగార్జునకొండ లోయలో పురావస్తువులకైతే ఆరేళ్ల గడువు దొరికింది. పెద్దాయన చెప్పిన ఊళ్ల జ్ఞాపకానికి ఆరు రోజులు కూడా దొరకలేదు. ఏ వీధి ఎక్కడుండేది, ఏ రావిచెట్టు కింద పంచాయతీ జరిగేది అన్నది రాసుకున్నవాడు లేడు. గోదావరి ఊళ్లకైనా ఆ పని జరగాలి, పునరావాస కాలనీలో పట్టా ఇచ్చే రోజునే ఒక మనిషి ఎదురుగా కూర్చుని పాత ఊరి పటం గీయించుకోవాలి. రేపు పాపికొండల పడవలో ఆ పటం గోడకు అంటించి ఉండాలి. నది మలుపు తిరిగినప్పుడు మైకులో సినిమా పాట ఆపి, 'ఇక్కడ ఫలానా ఊరు' అని చెప్పాలి. ఖర్చు గురించి మాట్లాడితే, పడవకు రంగులు వేయడానికి అయ్యేంత కూడా కాదు.

నాగార్జునకొండలో కూడా ఇప్పటికీ ఆలస్యమేమీ కాలేదు. లాంచీలో మునిగిన లోయ పటం ఒకటి, తెలుగులో. ప్రతి కట్టడం దగ్గర అది అసలుదో, తరలించినదో, నమూనానో చెప్పే రెండు వాక్యాలు. మొదటి బోర్డు మీద బడిపంతులు పేరు.

నేను చూసినవాటిలో ఈ విషయం దాచని చోటు ఒక్కటే ఉంది. అక్కడ బోర్డు కూడా పెద్దగా అవసరం లేదు. శ్రీశైలం జలాశయం వెనక, తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి కలిసేచోట సంగమేశ్వరం గుడి ఉంది. గర్భగుడిలో వేప మొద్దు లింగం. ఏడాదిలో ఎక్కువ రోజులు గుడి నీళ్లలోనే ఉంటుంది. వేసవికి నీరు దిగితే ముందు శిఖరం కనిపిస్తుంది, తర్వాత ప్రాకారం గోడలు, తర్వాత బురద. బురద ఎత్తిపోసి, కడిగి, దీపం పెడతారు. ఆ కొద్ది నెలలు జనం బండ్లు కట్టుకుని, కార్లలో, పుట్టి అనే గుండ్రటి పడవ ఎక్కి కూడా వస్తారు. గోడల మీద నీటి గీతలు వరసలు వరసలుగా ఉంటాయి, ఏ ఏడాది ఎంత ఎత్తు వచ్చిందో చెప్పే రికార్డులాగా. రాళ్లు అక్కడక్కడా ఊడి ఉంటాయి. ఎవరూ అతికించి కొత్తగా చేయలేదు.

వానలు పడి ఎగువ నుంచి వరద మొదలయ్యాక నీరు మెట్లెక్కుతుంది, గర్భగుడిలోకి వస్తుంది. పూజారి ఆ ఏటికి చివరి హారతి ఇచ్చి బయటికి వస్తాడు. నీరు ఇంకా పెరిగాక పుట్టిలో వెళ్లి, మిగిలిన శిఖరానికే పసుపు కుంకుమలు పెట్టి వస్తాడు. ఒడ్డున నిలబడి చూసేవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా పక్కవాణ్ణి అడుగుతారు, మళ్లీ ఎప్పుడు తేలుతుందని.